ఉత్తుత్తి గంటలు

ఆమెను సంస్థలో అందరూ వద్దమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా పలికేది, పలక్క చస్తుందా. ఆ పేరు రావడానికి కారణం ఆమె చేసే పనే. ఎక్కడో లెక్కకందనంత దూరంలో చచ్చిపోయిన నక్షత్రాలు రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి చివరికి ఢీకొంటాయి. ఆ అదురు అంతరిక్షమంతా పాకుతుంది. ఇక్కడికి వచ్చేసరికి అది ఎంత సన్నబడుతుందంటే, నాలుగేసి కిలోమీటర్ల గొట్టాల్లో లేజరు కాంతి పంపి కొలిస్తే తప్ప తెలియదు. ఆ గొట్టాలకి నక్షత్రాల అదురైనా, బయట రోడ్డు మీద వెళ్లే లారీ అదురైనా ఒకటే. కంప్యూటరు దేనికైనా సరే గంతేసి, లోకంలో ఉన్న టెలిస్కోపులన్నింటికీ కబురు పంపేస్తుంది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం అది. అందుకని ఒక మనిషి కూర్చుని, గీతలు చూసి, వచ్చింది నక్షత్రమో లారీయో నిమిషాల్లో తేల్చాలి. నాలుగేళ్లలో ఆమె వంతులో ముప్ఫై ఒక్క కబుర్లు వచ్చాయి. ముప్ఫై ఒక్కసారీ ఆమె చూసి, "వద్దు, వెనక్కి తీసుకోండి" అంది. మిగతావాళ్ల వంతుల్లో నిజమైన నక్షత్రాలు వచ్చాయి. ఈమెకు లారీలు వచ్చాయి. అదృష్టం అలా ఏడిచింది.

ఒకప్పుడు ఈ పనికి ఒక గది ఉండేది. ఎనిమిది కుర్చీలు, గోడ నిండా తెరలు, మూల ఒక పాత కాఫీ యంత్రం. ఎవరో ఒకరు ఎప్పుడూ ఎవరితోనో పోట్లాడుతుండేవారు. తర్వాత పైవాళ్లకి తెలివి పెరిగి, గది ఎందుకు, ఫోన్లు ఉన్నాయిగా అన్నారు. కుర్చీలు ఎత్తేశారు. ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు కూర్చుని కాపలా కాస్తారు. కబురు వస్తే ఫోను మోగుతుంది. తెర మీద "అందింది" అని ఒక మీట వస్తుంది. అది నొక్కితే వంతు మనిషి కుర్చీలో కూర్చున్నట్టే లెక్క. రెండు నిమిషాలైనా నొక్కకపోతే మాత్రం ఫోను ఇంకో ఊళ్లో ఉన్న రెండో మనిషికి వెళ్లి మోగుతుంది. పద్ధతి బాగానే ఉంది. కాగితం మీద ఏ పద్ధతి బాగుండదు కనక.

గది పోయినప్పుడు ఆమెకు అంత బెంగ కలగలేదు, ఇంట్లో అక్క ఉండేది కాబట్టి. పంతొమ్మిదేళ్లు అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ మూడో అంతస్తు ఇంట్లోనే ఉన్నారు. ఇద్దరికీ పెళ్లి కాలేదు, ఇద్దరికీ దాని గురించి దిగులూ లేదు. అక్క కంటి ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉండే మనిషి. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే పొయ్యితో మాట్లాడేది. అలాంటి అక్క యాభై ఏడో ఏట, కంటికి ఆపరేషను చేయించుకోవడానికి వచ్చిన బస్సు డిపో గుమాస్తాని, భార్య పోయినాయన్ని, పెళ్లి చేసుకుంటానంది.

"యాభై ఏడేళ్లకి పెళ్లేమిటే అక్కా?" అంది వద్దమ్మ.

"యాభై ఎనిమిదికి కుదరకపోతే?" అంది అక్క.

పెళ్లికి సాక్షి సంతకం వద్దమ్మే పెట్టింది. బావ మంచివాడు, తక్కువ మాట్లాడతాడు, అక్కకి కావలసింది అదే. వాళ్లు బస్సులో ఏడు గంటల దూరంలో ఉన్న ఊరికి వెళ్లిపోయారు. లోకంలో ప్రతిదానికీ వద్దని చెప్పే మనిషి ఆ ఒక్కదానికీ చెప్పలేదు. చెప్పాలని గొంతుదాకా వచ్చింది, మింగేసింది.

ఆ తర్వాత ఇల్లు నోరు మూసుకుంది. పొద్దున లేచి పళ్లు తోముకుని, తన గొంతు తనకే వినపడకుండా సాయంత్రం అయిపోయిన రోజులు ఉన్నాయి. కింద కొట్టతనితో "అర కిలో" అనబోతే గొంతు పట్టేసి, దగ్గి, మళ్లీ అనాల్సి వచ్చేది. అక్క ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఆరు రోజులుంటాయని లెక్కలు వచ్చిన ఆమెకు అప్పుడే తెలిసింది.

ఇక ఉత్తుత్తి గంటల సంగతి. ఈ కబుర్లు పంపే యంత్రం సరిగా ఉందో లేదో చూడటానికి గంటకోసారి, ఫలానా నిమిషం అని లేకుండా, టెలిస్కోపుల వాళ్లతో సహా అందరి ఫోన్లకీ ఒక అబద్ధపు కబురు వస్తుంది. మోత అదే, మీట అదే. కబురు పేరు మొదట్లో ఒక్క అక్షరం తేడా. దాన్నే అందరూ ఉత్తుత్తి గంట అంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఎవరైనా చేసే మొదటి పని, తమ ఫోన్లో ఆ ఉత్తుత్తి గంటను ఆపేసుకోవడం. లేకపోతే మనిషికి పిచ్చెక్కుతుంది. వద్దమ్మ కూడా ఆపేసింది. అక్క వెళ్లిన మూడో వారంలో మళ్లీ పెట్టుకుంది.

ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి. పడుకునే ముందు ఆపేది, లేవగానే పెట్టేది. అది మోగితే "ఆ, ఆ, విన్నాన్లే" అనేది. ఒక్కోసారి "ఇంకా బతికే ఉన్నావూ?" అనేది. మీట నొక్కేది, మోత ఆగేది. ఆ రోజుకి ఆమె నోటి నుంచి వచ్చిన మాటలు అవే అయ్యుండొచ్చు, కానీ వచ్చాయి. ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. ఎన్ని వేలసార్లు నొక్కిందో లెక్క వేసుకోవచ్చు. మొదట్లో పేరు చూసి నొక్కేది. తర్వాత చూడటం మానేసింది. రోజూ వచ్చే చుట్టాన్ని ఎవరు ఎగాదిగా చూస్తారు?

ఆ మంగళవారం పదకొండు నలభై రెండుకి ఆమె వంతులో ఉంది, వెనక వరండాలో ఉంది. బట్టలుతికే యంత్రం చెడిపోయి తొమ్మిది రోజులైంది. బాగుచేసేవాడు రేపు రేపు అంటున్నాడు. దుప్పట్లు చేత్తోనే ఉతికింది. ఉతకడం ఒక్క మనిషి చేసే పనే, దుప్పటి పిండటం మాత్రం కాదు. అటు ఒకరు, ఇటు ఒకరు పట్టుకుని మెలి తిప్పాలి. అటు పట్టుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి దుప్పటి ఒక కొసను కుళాయికి ముడేసి, రెండో కొస పట్టుకుని తిప్పుతోంది. ఫోను కిటికీ గట్టు మీద ఉంది. మోగింది. చేతుల నిండా నీళ్లు, నురగ. "వస్తున్నానమ్మా, నీకేం తొందర" అని, వేలి కణుపుతో మీట నొక్కి, మళ్లీ దుప్పటి దగ్గరికి వెళ్లింది.

ఒక దుప్పటి అయ్యింది. రెండోది మొదలుపెట్టింది. దాన్నీ పిండి, రెంటినీ తీగ మీద ఆరేసి, నడుం పట్టుకుని లోపలికి వచ్చి, తెర ముందు కూర్చునేసరికి పదకొండు యాభై ఆరు.

తెర నిండా మాటలు ఉన్నాయి.

"వద్దమ్మ గారూ, చూస్తున్నారా?" "అందింది అని పడింది, కాబట్టి చూస్తున్నట్టే." "తొందరపెట్టకండి, ఆవిడ చూసే పద్ధతి అది." వాటి మధ్యలో, రెండేసి నిమిషాలకి ఒకసారి, కొండాయన. కొండాయన అంటే ఆమెకు పగలైనప్పుడు రాత్రయ్యే ఒక దేశంలో, కొండ మీద, చిన్న టెలిస్కోపు నడిపే మనిషి. నాలుగేళ్లుగా తెర మీద మాటలే తప్ప ఆయన ముఖం ఆమెకు తెలియదు, గొంతు తెలియదు. "కొండ సిద్ధం. మీ మాట కోసం చూస్తున్నా." "ఆకాశంలో ఆ ముక్క పన్నెండు ఎనిమిదికి మా గట్టు వెనక్కి దిగిపోతుంది." "కొండ సిద్ధం." "కొండ సిద్ధం."

ఆయన ఆమె మాట కోసం ఎందుకు ఆగాలి? ఆగక తప్పదు. ఆమె వంతుల్లో కంప్యూటరు మాట నమ్మి ఆ కొండ మీద టెలిస్కోపును ముప్ఫై ఒక్కసార్లు తిప్పారు. ముప్ఫై ఒక్కసారీ ఆమె వద్దంది. వేరేవాళ్ల పని పాడైందని గొడవలు జరిగి, మనిషి మాట వచ్చేదాకా తిప్పకూడదని అక్కడివాళ్లు నియమం పెట్టారు. ఆ వేళకి ఆ ముక్క చీకట్లో కనిపించేది ఆ కొండకొక్కదానికే. మిగతా చోట్ల పగలో, మబ్బో. ఇలాంటి నక్షత్రాలు ఢీకొన్నాక పుట్టే వెలుగు మొదటి గంటల్లో నీలంగా ఉంటుందంటారు, తర్వాత ఎర్రబడి చల్లారిపోతుంది. ఆ నీలాన్ని సరిగా పట్టిన బొమ్మ కోసం కొండాయన పదకొండేళ్లుగా కూర్చున్నాడు.

ఆమె గీతలు తెరిచింది. చేతులు వాటి పని అవి చేశాయి. గొట్టాలు రెండింటిలోనూ గీత ఉందా? ఉంది. గాలి? లేదు. లారీ? లేదు. అద్దాల కుదుపు? లేదు. ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ ఎవరికైనా పట్టేవే. పన్నెండు రెండుకి ఆమె జీవితంలో మొదటిసారి రాసింది: "నిజమే. తిప్పండి."

"తిప్పుతున్నా" అన్నాడు కొండాయన.

తిప్పి, నిలబెట్టి, కన్ను తెరిచేసరికి పన్నెండు ఏడు. మొదటి బొమ్మలో సగం గట్టు, సగం మసక. రెండో బొమ్మలో ఒట్టి గట్టు. అంతే. పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. తొమ్మిది గంటల తర్వాత ఇంకో ఖండం మీద రాత్రి అయ్యాక వేరేవాళ్లు ఆ నక్షత్రాన్ని పట్టుకున్నారు. అప్పటికది ఎర్రబడిపోయింది. మొదటి గంటల వెలుగు మనుషులెవరూ చూడకుండానే ఈ భూమిని దాటి వెళ్లిపోయింది. దాన్ని మళ్లీ పిలవడానికి లేదు.

కొండాయన ఆ తర్వాత తెర మీద ఏమీ రాయలేదు.

మర్నాడు గంటలాయన ఫోను చేశాడు. గంటలాయన అంటే ఈ మోతల లెక్కలన్నీ రాసే సాఫ్ట్‌వేరు మనిషి. నలభై ఏళ్లుంటాయి, మెత్తటివాడు.

"ఎందుకు ఆలస్యమైందో రాయమని కారణం కాగితం మీకు వచ్చింది కదండీ. మీ పేటలో నిన్న పదకొండున్నర నుంచి నెట్ తడబడిందట. నేను చూశాను. అదే రాసెయ్యండి" అన్నాడు.

"నా దగ్గర ఉందండీ నెట్."

"ఉందని మీకు తెలుసు. మీట నొక్కారు, నొక్కాక నెట్ పోయింది. సరిపోతుంది. ఇంకోటి ఏది రాసినా మిమ్మల్ని వంతుల్లోంచి తీసేస్తారు. ఈ పరిశీలన సీజనంతా. ఎనిమిది నెలలు."

"ఏమైందో మీరు అడగలేదు."

"అడగనండి" అన్నాడాయన. "అడిగితే నాకు తెలుస్తుంది."

మంచితనంలో ఇదొక రకం. ఆమెకు ఆయన మీద కృతజ్ఞత కలిగింది, దాంతోపాటే భయమూ కలిగింది. ఎనిమిది నెలలు. వంతు పోతే తెర మీద ఆమె పేరు పిలిచేవాళ్లు ఉండరు. అక్క ఆదివారం, కొట్టతను రెండ్రోజులకోసారి, ఇంకెవరు? ఇంకెవరూ లేరు. ఆమెకు పరువు పోతుందన్న భయం కాదు, ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతానన్న భయం.

ఆదివారం అక్కకి చెప్పింది, సగం.

"ఆ అబద్ధపు మోత ఎందుకే ఇంకా పెట్టుకున్నావు? నేనున్నప్పుడే దాన్ని ఆపెయ్యలేదూ?" అంది అక్క.

"మర్చిపోయానే."

"నువ్వా? మర్చిపోవడమా?" అంది అక్క. "తింటున్నావా సరిగా?"

"తింటున్నా."

వెనకనుంచి బావ ఏదో అడిగాడు, అక్క నవ్వింది. ఆ నవ్వు విని వద్దమ్మ, "సరే పెట్టేస్తున్నా, పొయ్యి మీద పాలున్నాయి" అంది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం కాగితం ముందు కూర్చుంది. నెట్ పోయింది అని రాసింది. చూసుకుంది. ఈ వంతులు వచ్చి నాలుగేళ్లే అయినా, ముప్ఫై ఏళ్లుగా ఆమె చేసిందల్లా ఒకటే, లెక్కల్లోంచి ఇలాంటి లారీల రొద ఏరి పారెయ్యడం. ఇప్పుడు తన చేత్తో తనే రొద కలుపుతోంది. కంచే చేను మేసినట్టు. ఈ ముక్క నమ్మి ఎవరో ఆర్నెల్లు తీగలు తవ్వుతారు. మీట అలాగే ఉంటుంది. రేపు ఇంకెవరో, ఇంకే వరండాలోనో, చూడకుండా నొక్కుతారు. మళ్లీ ఎవరి పదకొండేళ్లో గట్టు వెనక్కి పోతాయి.

కొట్టేసింది. "చూడకుండా అందింది నొక్కాను. ఉత్తుత్తి గంట అనుకున్నాను" అని రాసింది. దాని కింద ఇంకో ప్రశ్న ఉంది: ఉత్తుత్తి గంటలు ఎందుకు ఆపుకోలేదు? ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు కూర్చుంది. మర్చిపోయాను అని రాయొచ్చు. అక్కకి చెప్పిన అబద్ధమే కాబట్టి చెయ్యి తిరిగి ఉంది. చివరికి రాసింది:

"ఇంట్లో ఇంకేదీ మోగదు."

పంపేసి, దీపం ఆర్పి, తిండి తినకుండా పడుకుంది.

సమావేశం గురువారం పెట్టారు. తెర మీద అరవై రెండు చిన్న గళ్లు, సగం గళ్లలో ముఖాలు లేవు, నల్లటి చదరాలు. నడిపేది పెద్దావిడ. ఎవరి మీదా గొంతు పెంచని మనిషి, ఎవరినీ వదలని మనిషి. కాగితం మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. నిమిషాలు చదివింది, పోయిన బొమ్మల లెక్క చదివింది, ఆ చివరి వాక్యం కూడా మిగతావాటిలాగే చదివింది. చదివాక గ్లాసు తీసుకుని మంచినీళ్లు తాగింది. వద్దమ్మ తన ఒళ్లోకి చూస్తూ కూర్చుంది. అరవై రెండు మంది ముందు చీర కుచ్చిళ్లు ఊడిపోయినా అంత సిగ్గు పడేది కాదు.

ఒక నల్ల చదరంలోంచి ఎవరిదో గొంతు వినిపించింది. బొంగురు గొంతు, వాడక వాడక తుప్పు పట్టిన గొంతు. చదరం కింద కొండ అని ఉంది.

"ఇరవై నిమిషాల్లో మీవి ఎన్ని?"

"పద్నాలుగు నావండీ. ఆరు పనివి" అంది వద్దమ్మ.

"ఆరే అయ్యుంటే నాకు మూడు బొమ్మలు వచ్చేవి."

"వచ్చేవండీ."

ఆమె క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఆయన మీద ఎందుకని.

గంటలాయన గొంతు సవరించుకున్నాడు. "ఒక సంగతి చెప్పాలి. ఈ కాగితం వచ్చాక అందరి ఫోన్ల లెక్కా తీశాను. మన అరవై రెండు మందిలో ఉత్తుత్తి గంట ఆపుకోనివాళ్లు పదిహేడు మంది ఉన్నారు. పేర్లు చదవను. కారణం అడగను."

ఎవరిదో ఇంట్లో కుక్క మొరిగింది, ఎవరో గబుక్కున మైకు ఆపారు. పెద్దావిడ తీర్పు చెప్పింది. ఇక మీదట ఉత్తుత్తి గంట ఏ మనిషి ఫోనుకీ వెళ్లదు, యంత్రంలో మోగి యంత్రంలోనే ఆరిపోతుంది. "అందింది" నొక్కాక గీతలు తెరవకపోతే రెండో మనిషికి మోగుతుంది. వద్దమ్మ సీజను అయ్యేదాకా వంతుల్లో ఉండదు. "కాగితం నిజాయితీగా రాశారు. అది కూడా నమోదు చేయండి" అంది చివర్లో. న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్నదానికి ఏడవడానికి కూడా వీల్లేదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి గంట ఆగిపోయింది. తొమ్మిదైంది, పదైంది. ఆమె ఇల్లు ఊడ్చింది, ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చింది. బాగుచేసేవాడు ఎట్టకేలకు వచ్చి, బట్టల యంత్రంలో కొత్త బెల్టు వేసి, మూడు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు. పన్నెండున్నరకి టేబులు ముందు కూర్చుని, ఫోను బోర్లా పెట్టి, దాని వీపు చూస్తూ తిన్నది. గట్టిగా "విన్నాన్లే" అని చూసింది, ఎలా ఉంటుందోనని. చాలా చెడ్డగా ఉంది.

ఒంటిగంట దాటాక ఫోను మోగింది. మామూలు ఫోను మోత. నంబరు ముందు ఏ దేశానిదో అంకె.

"వద్దమ్మ గారేనా?" బొంగురు గొంతు.

ఆమె లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలియదు. "అవునండీ."

"కొండ మీంచి."

"గుర్తుపట్టానండీ. చెప్పండి."

"నాకు మీ మీద కోపం పోలేదు."

"పోకూడదండీ."

"పోతుందని కూడా అనుకోవట్లేదు."

"సరేనండీ."

అవతల గాలి హోరు, ఏదో తలుపు కొట్టుకుంటున్న చప్పుడు. ఫోను ఎక్కడో పెట్టి వెళ్లిపోయాడేమో అనుకుంది.

"పొద్దుట్నించి మోగలేదు కదా" అన్నాడాయన.

"లేదండీ. తీసేశారు."

"తెలుసు. ఇక్కడా మోగలేదు."

ఆమె మెల్లగా కూర్చుంది. పదిహేడు మంది అన్నాడు గంటలాయన, పేర్లు చదవనన్నాడు. కొండ మీద ఆ గదిలో ఎన్ని కుర్చీలుంటాయో, ఎన్నిట్లో మనుషులుంటారో ఆమె నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఉద్యోగస్తురాలిలాగే అడిగింది. "ఏమైనా పనుండి చేశారా అండీ?"

"పనేం లేదండీ" అన్నాడు. "ఊరికే చేశాను."

పని ఉంటే ఆఫీసు చేస్తుంది, ఆదివారమైతే అక్క చేస్తుంది. ఊరికే చేసేవాళ్లు ఆమె ఫోనుకి ఎప్పటినుంచో లేరు. అప్పుడు ఏడుపొచ్చింది, ఇన్నాళ్ల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. ఫోను పక్కన పెట్టాలని కూడా తోచక, చెవి దగ్గర పెట్టుకునే ఏడ్చింది. అవతల ఆయన ఫోను పెట్టెయ్యలేదు.